రాత్రి పదిన్నరకు మ్యాచ్ దొరుకుతోందా? ఆట ఆయుష్షు అక్కడ తెలుస్తుంది

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, మారతహళ్లిలో పీజీ. రాత్రి భోజనం అయ్యాక మరో నలుగురు స్నేహితులతో కలిసి ఆరేళ్లుగా ఒకే ఆన్‌లైన్ ఆట ఆడుతున్నారు. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. నిరుడు అర నిమిషంలో దొరికిన మ్యాచ్‌కు ఇప్పుడు నాలుగైదు నిమిషాలు పడుతోంది. రెండు మోడ్లు, అంటే ఆడే పద్ధతులు, తీసేశారు. ఆటగాళ్లు తగ్గుతున్న గ్రాఫ్ ఒకటి మీ స్నేహితుడు చూపించాడు. మీ క్లాన్‌లో, అంటే ఆటలోని మీ బృందంలో, అందరూ ‘దీని పని అయిపోయింది’ అంటున్నారు. ఆట మూతపడుతుందా, సీజన్ పాస్ (ఒక సీజన్ బహుమతుల కోసం కట్టే రుసుము) కొనాలా వద్దా, మీ వంతుగా చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు. పేరు చెబితే గొడవలు మొదలవుతాయని ఆట పేరు చెప్పలేదు. మంచి పని చేశారు.

సూటిగా చెబుతాను. ఆటగాళ్లు తగ్గినంత మాత్రాన ఆట మూతపడదు. మీరు చెప్పిన రెండు లక్షణాల్లో ఒకటి, అంటే మోడ్లు తీసేయడం, నా లెక్కలో రోగం కాదు, వైద్యం. పాస్ కొనుక్కోండి. ఆటలోని నాణేలను మాత్రం ముందుగా కొని పోగేసుకోవద్దు. ఎందుకో వివరంగా రాస్తాను, టీ పెట్టుకుని కూర్చోండి.

బెంగళూరులో పద్నాలుగేళ్లుగా నా పని ఇదే: విడుదలైన ఆటను నడిపించడం. ఆట తయారుచేసేవాళ్లు వేరు, మేము వేరు. సర్వర్లు, అప్‌డేట్లు, పండగ ఆఫర్లు, తెల్లవారుజామున రెండు గంటలకు మోగే ఫోను, అన్నీ మావే. మూడు సంస్థల్లో పనిచేశాను, ఒక ఆటను నా చేతులతోనే ఆపాను. ఆ కథకు తర్వాత వస్తాను.

ముందు, మీరు చూస్తున్న అంకె ఏమిటి? మీ స్నేహితుడు చూపించిన గ్రాఫ్ స్టీమ్‌దైతే (కంప్యూటర్ ఆటలు అమ్మే వేదిక అది), అందులో ఉన్నది ఆ క్షణాన స్టీమ్ ద్వారా ఆడుతున్నవాళ్ల లెక్క. సంస్థ సొంత లాంచర్‌లో ఆడేవాళ్లు, ఫోనులో, ప్లేస్టేషన్‌లో ఆడేవాళ్లు అందులో ఉండరు. పైగా మన దేశంలో ఈ అంకెకు రుతువులు ఉంటాయి. మార్చిలో పరీక్షలు, ఆ వెంటనే ఐపీఎల్. సాయంత్రం ఏడున్నర నుంచి పదకొండు దాకా మా గ్రాఫు ఒక పక్క కుంగిపోయేది. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు మొదటి ఏప్రిల్‌లోనే సర్వర్ చెడిపోయిందని అందరికీ మెయిల్ పెట్టాడు. ఆ రాత్రి చిన్నస్వామి స్టేడియంలో మ్యాచ్ ఉంది, అంతే. అందుకే ఈ నెలను పోయిన నెలతో పోల్చకూడదు. నిరుడు ఇదే నెలతో పోల్చాలి.

జనం ఎందుకు తగ్గారన్నది ఎంత తగ్గారన్నదాని కన్నా ముఖ్యం. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం నిషేధించింది. దాని స్థానంలో 2021 జులైలో వచ్చిన బీజీఎంఐని 2022 జులై చివర్లో స్టోర్ల నుంచి తొలగించారు, 2023 మే నెలలో మళ్లీ వచ్చింది. దాదాపు పది నెలలు కొత్తవాళ్లకు స్టోర్లలో దొరకని ఆట అది. అంకెల్నే నమ్ముకున్నవాళ్లు అప్పుడే తద్దినం పెట్టేశారు. తిరిగి వచ్చాక జనం ఎలా వచ్చారో మీరే చూశారు. ఆట మీద విసుగు పుట్టి వెళ్లినవాళ్లు వేరు, తలుపు మూసి ఉందని బయట నిలబడినవాళ్లు వేరు.

ఇక మీ నాలుగైదు నిమిషాల సంగతి. నేను చదువుకున్నది చెన్నైలో. తాంబరం స్టేషన్ బయట షేర్ ఆటోలు నిండితే గాని కదిలేవి కావు. రోడ్డు మీద వంద మంది నిలబడి ఉన్నా, ఒక్కొక్కరు ఒక్కో దిక్కుకు వెళ్లేవాళ్లయితే ఏ ఆటో నిండదు. ఆన్‌లైన్ మ్యాచ్ కూడా షేర్ ఆటోయే. పది మంది ఒకే దిక్కుకు కావాలి.

ఒక ఊహా లెక్క వేద్దాం. రాత్రి పదిన్నరకు మన ప్రాంతపు సర్వర్‌లో 3,000 మంది ఉన్నారనుకోండి. నాలుగింట మూడు వంతుల మంది అప్పటికే ఏదో ఒక మ్యాచ్‌లో ఉంటారు. ఎదురుచూస్తున్నవాళ్లు 750. మోడ్లు నాలుగు, ర్యాంక్ మెట్లు అయిదు, ఒంటరిగా వచ్చినవాళ్లు ఒక వరుస, జట్టుగా వచ్చినవాళ్లు మరో వరుస. నాలుగు అయిదులు ఇరవై, రెండుతో హెచ్చిస్తే 40 కుప్పలు. కుప్పకు దాదాపు 19 మంది. మ్యాచ్‌కు కావలసింది పది మందే కాబట్టి నొక్కగానే దొరుకుతుంది.

ఇప్పుడు జనం 1,200కు పడిపోయారనుకోండి. ఎదురుచూసేవాళ్లు 300. అవే 40 కుప్పలు. కుప్పకు ఏడెనిమిది మంది. పది నిండదు! జనం సగానికి పైగా తగ్గితే ఎదురుచూపు రెట్టింపు అవుతుందని అందరూ అనుకుంటారు. అలా కాదు, ఒక గీత దాటేదాకా ఏమీ తెలియదు, దాటాక ఒక్కసారిగా తలకిందులవుతుంది. మీరు నిరుడు అర నిమిషం అన్నారు చూశారా, బహుశా అప్పటికే జనం చాలా తగ్గి ఉంటారు. గీత దాటలేదు కాబట్టి మీకు తెలియలేదు.

అదే 1,200 మందితో రెండు మోడ్లు తీసేయండి. 20 కుప్పలు, కుప్పకు 15 మంది. ఆటో మళ్లీ నిండుతుంది. మోడ్లు తీసేయడం, సర్వర్లు కలిపేయడం చావు కబుర్లు కావు. లోపల ఎవరో కూర్చుని ఈ లెక్క వేస్తున్నారనడానికి అవి గుర్తులు. ఎవరూ పట్టించుకోని ఆటలో అన్ని మోడ్లూ అలాగే ఉంటాయి, ఏదీ దొరకదు.

అన్ని కుప్పలూ సమానం అనుకోవడం లెక్క సులువు కోసం మాత్రమే. నిజంలో పై ర్యాంకుల్లో ఎప్పుడూ జనం పలుచన. ఆరేళ్లుగా ఆడుతున్న మీరు పైమెట్టు మీదే ఉంటారు. పైగా అయిదుగురూ జట్టుగా వెళుతున్నారు. మీకు ఎదురుగా అలాంటి జట్టునే నిలపాలని సర్వర్ వెతుకుతుంది. మీ నాలుగైదు నిమిషాల్లో కొంత భాగం ఆట జబ్బు కాదు, మీ గొప్పతనానికి మీరు కడుతున్న పన్ను.

ఈ కుప్పల గొడవే లేని ఆట ఒకటుంది. ఐస్‌లాండ్ సంస్థ 2003 మే నెలలో విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్. చైనాలో వేరుగా నడిచే సర్వర్‌ను మినహాయిస్తే, ప్రపంచమంతా ఒకే సర్వర్ మీద, ఒకే అంతరిక్షంలో ఆడుతుంది. 2013 మే 5న అందులో ఒకేసారి 65,303 మంది ఉన్నారు, అది రికార్డు. ఆ శిఖరం దిగి పన్నెండేళ్లు దాటింది, ఆట మాత్రం నడుస్తూనే ఉంది. నెలనెలా చందా కట్టేవాళ్లున్నారు, ఉన్న జనమంతా ఒకేచోట ఉన్నారు. ఊరు చిన్నదైనా సంత ఒక్కటే కాబట్టి కళకళలాడుతుంది. అదే జనాన్ని పది సర్వర్లకు పంచి ఉంటే ఏ సర్వర్ కూడా నిండుగా కనిపించేది కాదు.

ఇక్కడ నా సొంత గాయం ఒకటి చెప్పుకోవాలి. నేను రెండోసారి చేరిన సంస్థలో (పేరు అడగవద్దు) మాది ఒక కార్ల పందెం ఆట. మూడు ప్రాంతాలకు మూడు సర్వర్లు. జనం పలచబడుతున్నారు, రెండు సర్వర్లను కలుపుదామని లెక్కలతో సహా రాసి ఇచ్చాను. ప్రచార విభాగం ఒప్పుకోలేదు. కలిపారంటే ఆట మునుగుతోందని ఊరంతా అంటుందని వాళ్ల భయం. ఎనిమిది నెలలు నాన్చారు. ఆ ఎనిమిది నెలల్లో ఖాళీ లాబీల్లో, అంటే పందెం కోసం వేచి ఉండే చోట, కూర్చుని కూర్చుని మిగిలినవాళ్లూ పోయారు. చివరకు కలిపాము, కలపడానికి అక్కడ ఎవరున్నారు? పరువు కోసం పోయి పందెమే పోగొట్టుకున్నాము.

ఆ ఆటనే నేను ఆపింది. మీరు నమ్మకపోవచ్చు, ఆపే రోజుకు అది నష్టంలో లేదు. దాని ఆదాయంతోనే సర్వర్ల ఖర్చు, మా ఆరుగురి జీతాలు గడిచిపోయేవి. మరి ఎందుకు ఆపారు? అదే ఆరుగురు కొత్త ఆట మీద కూర్చుంటే ఎక్కువ వస్తుందని పైవాళ్ల అంచనా. మూసే తేదీ ప్రకటించాక చివరి రాత్రి జనం వచ్చారు. అంతకుముందు ఏడాదంతా ఏ రాత్రీ అంతమంది రాలేదు. కార్లన్నీ ప్రారంభ గీత దగ్గర వరుసగా నిలబెట్టి హారన్లు కొడుతూ కూర్చున్నారు, ఒక్కరూ పందెం మొదలుపెట్టలేదు. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. వీళ్లలో సగం మంది నెలకు రెండు రాత్రులు వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది.

అంటే, ఆటను మూసేది జనాభా లెక్క కాదు, సంస్థ లెక్క. ఆ లెక్కలో చాలా వరుసలు ఉంటాయి. ఫేస్‌బుక్‌లో అందరితో పొలాలు దున్నించిన ఫార్మ్‌విల్ 2009లో మొదలై 2020 డిసెంబరు 31న ఆగింది. అది నడిచే ఫ్లాష్ సాంకేతికతకు మద్దతు ఆ రోజుతో ముగుస్తుండడం దానికి కారణం. కాళ్ల కింది నేల పోయింది. కాంకర్డ్ అనే ఆటది మరో కథ. 2024 ఆగస్టు 23న విడుదలైంది, సెప్టెంబరు 6న ఆపేశారు. రెండు వారాలు! స్టీమ్‌లో ఒకేసారి ఆడినవాళ్ల సంఖ్య ఎన్నడూ 700కు చేరలేదు. కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చారు. అది జనం తగ్గిన ఆట కాదు, జనం రానే రాని ఆట. ఆరేళ్లు బతికిన మీ ఆటను దానితో పోల్చి భయపడవద్దు.

ఒక సంస్థ ఆటగాళ్ల సంఖ్య చెప్పడం మానేసిందంటే అది తగ్గుతోందని అర్థం చేసుకోండి, అంతకు మించి అర్థాలు తీయవద్దు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు 2010లో 1.2 కోట్ల మంది చందాదారులు ఉండేవారు. 2015లో 55 లక్షల దగ్గరకు వచ్చాక ఇక ఈ అంకె చెప్పబోమన్నారు. 2004లో పుట్టిన ఆ ఆట ఇరవై ఏళ్లు దాటి ఇప్పటికీ ఉంది. సగం మంది పోయినా మిగిలిన సగం డబ్బు కట్టే సగం.

డబ్బు మాట వచ్చింది కాబట్టి: ఉచితంగా ఆడే ఆటల్లో ఆదాయంలో పెద్ద భాగం కొద్దిమంది నుంచే వస్తుంది. మా భాషలో వాళ్లను తిమింగలాలు అంటాము. అలాగని ఉచితంగా ఆడేవాళ్లు దండగ అనుకునే మేనేజర్లను చూశాను. తప్పు. చూసేవాళ్లు లేకపోతే పట్టుచీర ఎవరి కోసం కట్టుకుంటారు? లాబీ ఖాళీ అయిన వారానికి తిమింగలం కూడా కొనడం మానేస్తుంది.

మీరు గమనించాల్సిన మోసం ఒకటుంది. జనం తగ్గినప్పుడు కొన్ని ఆటలు ఖాళీలను బాట్లతో, అంటే మనుషుల పేర్లు పెట్టుకున్న ప్రోగ్రాములతో నింపుతాయి. కొత్తవాళ్లకు మొదటి మ్యాచ్‌లలో బాట్లను ఇవ్వడం మంచిదే, చేయి తిరుగుతుంది. పైమెట్టు మీద కూడా అవి ప్రత్యక్షమైతే మాత్రం పరిస్థితి బాగాలేదు. ఓడిపోయినా ఒక్క తిట్టు తిట్టని ప్రత్యర్థి కనిపిస్తే అనుమానించండి. ఆ లెక్కన మీకు ఇంకా నాలుగైదు నిమిషాలు ఎదురుచూపు ఉందంటే, మీకు అసలైన మనుషులనే ఇస్తున్నారన్నమాట.

చచ్చిందనుకున్నవి లేచిన సందర్భాలూ ఉన్నాయి, ఎక్కువ కాదు. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆట 2010లో వచ్చి ఘోరంగా విఫలమైంది. 2012లో సర్వర్లు ఆపేసి, కొత్త దర్శకుడి చేతిలో దాదాపు మొత్తం తిరగరాసి 2013 ఆగస్టులో మళ్లీ తెచ్చారు. వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే పెద్ద ఆటల్లో ఇప్పుడు అదొకటి. రన్‌స్కేప్ అనే ఆట ఇంకో దారి పట్టింది. మార్పులు నచ్చక పాతవాళ్లు అలిగి వెళ్లిపోతుంటే, 2007 నాటి బ్యాకప్‌ను వెలికితీసి, కావాలా అని ఓటింగ్ పెట్టి, 2013 ఫిబ్రవరిలో పాత ఆటనే వేరుగా తెరిచారు. అందులో ఏ పెద్ద మార్పు చేయాలన్నా ఆటగాళ్ల ఓటు కావాలి. ఆ పాత ఆట కొత్తదాన్ని మించి పెరిగింది. రెండు చోట్లా ఉన్నది ఒకటే: డబ్బు ఖర్చుపెట్టడానికి సిద్ధమైన సంస్థ. అది లేకుండా అభిమానుల సంతకాలతో లేచిన ఆటలు అరుదు.

ఇక, మీరేం చేయగలరు? సోమవారం సమావేశాల్లో మేము మొదట చూసేది మొత్తం జనాన్ని కాదు. పోయిన నెల కొత్తగా వచ్చినవాళ్లలో ముప్పయ్యో రోజుకు ఎంతమంది మిగిలారన్నది చూస్తాము. పాతవాళ్లు ఎప్పుడైనా వెళతారు. ఒకరికి పెళ్లవుతుంది, ఒకరికి రాత్రి షిఫ్టు పడుతుంది. వాళ్ల చోటికి కొత్తవాళ్లు వస్తే ఊరు నిలుస్తుంది.

కొత్తవాళ్లను తరిమేది చాలాసార్లు సంస్థ కాదు, మీవంటి పాతకాపులే. మా అక్క కొడుకు వేసవి సెలవులకు మదనపల్లె నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు నేను నడుపుతున్న ఆటను వేసుకున్నాడు. వరుసగా ఏడు మ్యాచ్‌లు. ఏడింటిలోనూ రెండు నిమిషాలకే అవుట్. ఏడోసారి సొంత జట్టువాడే వాడిని తెలుగులో బూతు తిట్టాడు. ‘మామయ్యా, ఇక్కడ మనవాళ్లు కూడా ఉన్నారే’ అని ఫోను పక్కన పడేసి కింద పిల్లలతో క్రికెట్‌కు వెళ్లిపోయాడు. ఆ వారం కొత్త మనిషి ఒక్కొక్కరిని రప్పించడానికి ప్రకటనలకు ఎంత ఖర్చవుతోందో నాకు తెలుసు, నోట మాట రాలేదు.

కాబట్టి వారానికి ఒక రాత్రి, శుక్రవారం అనుకోండి, మీ అయిదుగురూ విడిపోయి రెండో ఖాతాలతో కాకుండా అసలు ఖాతాలతోనే ఒక్కో కొత్తవాడిని వెంటబెట్టుకుని సరదా మోడ్‌లో ఆడండి. రెండో ఖాతా తెరిచి కింది ర్యాంకుల్లో పిల్లలను చితక్కొట్టడం మాత్రం చేయవద్దు, అది విత్తనపు గింజలు వండుకుని తినడం.

పాస్ గురించి. ఈ సీజన్‌లో ఆడబోయే రాత్రులకు అది గిట్టుబాటు అనిపిస్తే కొనండి, వచ్చే ఏటి కోసం మాత్రం కొనవద్దు. మీరు కొంటున్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి. ది క్రూ అనే కార్ల ఆట డబ్బు పెట్టి కొనుక్కున్నది. 2014లో వచ్చింది, 2024 మార్చి 31న సర్వర్లు ఆపగానే కొన్నవాళ్లు ఒంటరిగా కూడా ఆడలేకపోయారు. దాని మీద పుట్టిన ఉద్యమం ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాలు సేకరించింది. మూసివేత ప్రకటించాక ఆటలోని నాణేలకు విలువ ఉండదు, చాలాచోట్ల అమ్మకం కూడా ఆ రోజే ఆపేస్తారు. నాణేలకు ‘ఎన్నడూ లేనంత’ తగ్గింపులు వారం విడిచి వారం వస్తున్నాయంటే, అప్‌డేట్లలో కొత్త మ్యాపు లేకుండా కొత్త బట్టలే వస్తున్నాయంటే, చేయి వెనక్కి తీసుకోండి. ఆ రెండూ కలిసి కనిపించిన ఆట ఏదీ నా అనుభవంలో ఎక్కువ కాలం నిలవలేదు.

మీ క్లాన్‌లో ఒకరు ‘కొత్త చట్టం వల్ల ఆటలన్నీ పోతాయి’ అన్నారని రాశారు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పందెం పెట్టి ఆడే ఆటలను. దాని వల్ల ఇక్కడ బెంగళూరులోనే నాకు తెలిసినవాళ్ల ఉద్యోగాలు పోయాయి, అది వేరే బాధ. పాస్‌లు, స్కిన్లు (పాత్రలకు వేసే వేషాలు) అమ్మే మీ ఆట ఆ కోవలోకి రాదు.

ఇప్పుడు మీకు ఒక పని. రెండు వారాల పాటు రాత్రి పదిన్నరకు ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం ఒకసారి మ్యాచ్ నొక్కి ఎన్ని సెకన్లు పట్టిందో కాగితం మీద రాయండి. ఒకసారి ఒంటరిగా, ఒకసారి అయిదుగురితో. పింగ్, అంటే సర్వర్‌కు సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, కూడా రాయండి. ముంబై సర్వర్ నుంచి సింగపూర్‌కు చెప్పకుండా మారిస్తే అక్కడ తెలుస్తుంది. ఎదుటి జట్టులో పదేపదే అవే పేర్లు వస్తున్నాయా చూడండి. ఒంటరిగా వెళితే నిమిషంలోపు దొరికి, జట్టుగా వెళితేనే అయిదు నిమిషాలైతే, ఊరు బాగానే ఉంది, మీ వీధి మాత్రమే ఖాళీ అయింది. రెండూ ఒకేలా ఉండి అవే పేర్లు తిరుగుతుంటే ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, ఆట పేరు చెప్పనక్కరలేదు. ఎన్ని కుప్పలు మిగిలాయో లెక్క కట్టి చెబుతాను.